రాజకుమారి వెబ్‌సైటు, నర్సింగం నీడ

పొద్దున షట్టరు లేపంగనే నర్సింగం చేసే మొదటి పని, కెమెరా మీద రాత్రంత పడ్డ బొగ్గు దుమ్ము తుడుచుడు. గోదావరిఖని చౌరస్తాల ఎన్ని స్టూడియోలున్నా, పెండ్లి ఆల్బమంటె జనం ఈయన దగ్గరికే వస్తరు. ఫొటోలు ఆయన తీస్తడు. వాటిని కంప్యూటర్ల ఎక్కించి, ఏ ఫొటో పక్కన ఏది ఉండాల్నో చూసి, రంగులు సవరించి పేజీలు కట్టేది పెండ్లాం రాజకుమారి. బోర్డు మీద పేరు మాత్రం నర్సింగానిదొక్కటే.

హైదరాబాదుల ఒక ఆల్బమ్ ల్యాబుకు డిజైనర్ కావాలని ఆమెకు తెలిసింది. చేసిన పనంత సొంత వెబ్‌సైటుల పెట్టి చూపియ్యాలె. వెబ్‌సైటు చేసుడు నేర్పే పుస్తకం కొనుక్కొచ్చి, వంటైనంక కంప్యూటర్ల నోట్‌ప్యాడ్ తెరిచి లైను లైను రాసుకుంట కూసుంది. ఒక్క గుర్తు మర్చిపోతె పేజీ మొత్తం తెల్లగయ్యేది. తిట్టుకుంట మళ్ల రాసేది. చివరికి ఆల్బమ్ పేజీలన్ని తెర మీద వరుసగ వచ్చినయి. పైన పెద్దగ ఆమె పేరు.

అది చూసిన్నాడు నర్సింగానికి అన్నం సయించలే. ‘ఫొటోలు నావి, పేరు దీనిదా?’ అని లోపల్లోపల ఉడికిపోయిండు. తెల్లారి బజారుకు పోతె ఎండల ఆయన నీడ లేదు.

ఆ బస్తీల అందరెరిగిన సంగతే. మనిషి ఎవరిని చూసి కుళ్లుకుంటె, నీడ పోయి వాళ్ల దగ్గర కూసుంటది. కుళ్లుకున్న సంగతి వాళ్ల మొఖం మీద ఒప్పుకుంటె తిరిగొస్తది.

“ఎవరింట్ల ఉందిరా నీది?” అని చాయ్ హోటల్ కాడ సారవ్వ అడిగింది.

“గా పక్క స్టూడియోవాని దగ్గర ఉందవ్వా.”

“బొంకకు కొడుకా. నీ పెండ్లాం కుర్చీ పక్కన చూసే వస్తున్న.”

హోటలంత గొల్లున నవ్విండ్రు. నర్సింగానికి తల కొట్టేసినట్టయింది. అయినా ఒప్పుకోలే.

నీడ మాత్రం గదవ కింద చెయ్యి పెట్టుకొని కంప్యూటర్ దిక్కే చూసుకుంట కూసునేది. “ఈ రంగు మంచిగున్నదా?” అని రాజకుమారి అడిగితె తల ఊపేది.

అంత అయింది, మొదటి పేజీల పెట్టెటందుకు ఆమె ఫొటో కావాలె. గింత పెద్ద ఫొటోగ్రాఫర్ పెండ్లానికి, పెండ్లి నాటిది తప్ప ఇంకో ఫొటో లేకపాయె!

“ఒక్క ఫొటో తియ్యవయ్యా. రేపు పంపాలె.”

“బ్యాటరీ లేదు.”

“నేనే చార్జింగ్ పెట్టిన. నిండుగున్నది.”

“పేరు నీదైనప్పుడు ఫొటో గూడ నువ్వే తీసుకో పో!”

రాజకుమారి మొఖం కడుక్కొని స్టూలు మీద కూసుంది. కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయి. అప్పుడు నీడ లేసింది. కెమెరా ఎనుకకు పోయి, లైటు కొద్దిగ జరిపి, బటన్ నొక్కింది.

ఆ ఫొటోను నర్సింగం తెర మీద పెద్దగ చేసి చూసిండు. ఎంతమంది పెండ్లికూతుర్లను తీసిండో గని, ఒక మొఖాన్ని గంత ప్రేమగ ఆయన ఎన్నడు తియ్యలే. ఇప్పుడు సొంత నీడను చూసి గూడ కుళ్లుకునుడు మొదలయింది.

ఇంటర్నెట్ సెంటర్ల ఒక్కొక్క ఫొటో ఎక్కేసరికి ప్రాణం మీదికొచ్చింది. నడుమ కరెంటు పోతె మళ్ల మొదటి నుంచి. ఎట్లయితేంది, సైటు లేసింది. వారం తిరగకముందే ల్యాబు నుంచి ఫోనొచ్చింది.

“ఉద్యోగం మీకేనమ్మా. మొదటి పేజీలో మీ ఫొటో ఎవరు తీశారు?”

ఫోనుకు చెవి ఆనిచ్చి వింటున్న నర్సింగం గొంతు సవరించుకున్నడు.

“మా ఆయన నీడ సార్” అన్నది రాజకుమారి.

“దాన్ని కూడా తీసుకురండి. మాకు ఫొటోగ్రాఫర్ కావాలి.”

బస్టాండుల, హైదరాబాదు బస్సుల రాజకుమారి కిటికీ పక్కన కూసుంది. ఆమె పక్క సీట్ల నీడ.

“దాన్ని దింపు” అన్నడు కింద నిలబడ్డ నర్సింగం.

“నేనేమన్న పట్టుకున్ననా? నిన్ను గూడ రమ్మంటె రాకపోతివి. ఒప్పుకో, అదే దిగుతది.”

“గింత మందిలనా?”

బస్సు కదిలింది. నర్సింగం ఎంబడి ఉరికిండు. “అవునే, కుళ్లే నాకు! నీ పేజీలతోనే నా ఫొటోలకు గంత పేరొచ్చింది! మొదటిసంది నాకు ఎరుకే!”

బస్టాండంత తిరిగి చూసింది. రాజకుమారి కొంగుతోని కండ్లు తుడుచుకొని నీడ దిక్కు మళ్లింది.

“విన్నవా? పోతవా మరి?”

నీడ కిటికీల నుంచి ఆయనను కండ్లార చూసింది. దిగలే. సోమవారం దానికి డ్యూటీ ఉండె.