బియ్యమా, డబ్బులా

హిమబిందు చేతిలో యాభై రెండు ఇళ్ళ కాగితాలున్నాయి. అన్నిటి మీదా ఒకటే ప్రశ్న. రేషన్ బియ్యం ఇప్పటిలాగే కావాలా, లేక దాని బదులు బ్యాంకు ఖాతాలో డబ్బు వెయ్యమంటారా? కింద రెండు గళ్ళు. ఒక గడిలో టిక్కు పెట్టించి, కార్డుదారు చేత సంతకం చేయించి, సాయంత్రం ఐదింటిలోపు వార్డు సచివాలయంలో అప్పగించాలి. రెండు రోజుల పని అన్నారు. రెండో రోజు మధ్యాహ్నం మూడున్నరకి ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలిపోయాయి.

ఆమె వార్డు వాలంటీరు. ఆటోనగర్ వెనకాల కొండవాలుకి అతుక్కుని ఉన్న కాలనీ ఆమెది. ఆ మెట్లు రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్కపెట్టడం ఎప్పుడో మానేసింది. ఎండ ఇంకా మాడు మాడ్చేస్తోంది. ఎడమకాలి చెప్పు తెగితే దానికి పిన్నీసు పెట్టుకుని నడుస్తోంది.

ప్రశ్న చిన్నదే. జవాబులే చిన్నవి కావు. ఒకావిడ, "రేపు బియ్యం రేటు పెరిగితే డబ్బులూ పెరుగుతాయా?" అని అడిగింది. ఇంకొకావిడ టిక్కు పెట్టి, తలుపు వేసుకుని, మళ్ళీ తలుపు తీసి, "ఇది పెడితే కార్డు తీసేత్తారేటి?" అంది. ఒకింట్లో మొగుడూ పెళ్ళాలు ఆమె ఎదుటే పోట్లాడుకున్నారు. ఆ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు కలుస్తున్నాయని ఒకాయన గుప్పెడు బియ్యం తెచ్చి ఆమె అరచేతిలో పోశాడు. అవి బలం కోసం కలిపే పోషకాల గింజలని ఆమె ఇరవయ్యోసారి చెప్పింది. కాగితం మీద ఇవేవీ రాయడానికి చోటు లేదు.

సన్యాసిరాజు ఇల్లు నలభై రెండోది. ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. ఆ రోజు పవర్ హాలిడే కావడంతో గుమ్మంలో లుంగీతో కూర్చుని ఉన్నాడు.

"డబ్బులే రాయమ్మా," అన్నాడు, ఆమె అడగడం పూర్తికాకుండానే.

"పిన్ని ఏటన్నాది బాబాయ్? కార్డు ఆవిడ పేరు మీద కదా."

"అది రొయ్యల కంపెనీకెల్లింది. ఏడైతే గానీ రాదు. ఇంటికి నాను పెద్దని కానేటి? నానే సెప్తన్నాను గదా."

లోపల మంచం మీంచి ఆయన తల్లి జోగమ్మ గొంతు వినిపించింది. "దాన్నొకపాలి అడగరా. వొండేది అది."

"నువ్వూరుకోయే అమ్మా."

హిమబిందు గుమ్మంలోనే నిలబడిపోయింది. సన్యాసిరాజు సాయంత్రాలు ఎక్కడ తేలతాడో కాలనీలో అందరికీ తెలుసు. డబ్బు వస్తే ఎటు పోతుందో ఊహించడానికి ఆమెకి పెద్ద ఆలోచన అక్కర్లేకపోయింది. కార్డుదారు లేనప్పుడు కాగితం వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ రావాలి, అదీ పద్ధతి. మళ్ళీ అంటే ఈ తొంభై మెట్లూ మళ్ళీ. ఇంకా పది ఇళ్ళున్నాయి. నోరు ఎండిపోయి, మాట్లాడుతుంటే పెదాలు పళ్ళకి అంటుకుంటున్నాయి.

"సరే, ఇక్కడ సంతకం పెట్టు బాబాయ్," అంది.

ఆయన డబ్బు గడిలో టిక్కు పెట్టి, భార్య చిలకమ్మ పేరు పక్కన తన పేరు రాశాడు. ఐదుకి పది నిమిషాలుండగా ఆమె కట్ట మొత్తం సచివాలయంలో ఇచ్చేసింది.

ఏడున్నరకి చిలకమ్మ వచ్చింది. ఇంటికి వెళ్ళి, సంగతి విని, అటు నుంచి అటే వచ్చినట్టుంది; చీరకి ఇంకా రొయ్యల వాసన వేస్తోంది. రోజంతా మంచునీళ్ళలో నాని వేళ్ళ కొసలు తెల్లగా ముడుచుకుపోయాయి. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప మీదే కూలబడింది.

"బిందూ, డబ్బులు రాసేసేవంట."

"బాబాయ్ రాయమన్నాడు పిన్నీ."

"తెలుసు. అరవడానికి రాలేదు నాను. మార్సడానికి అవుతాదేటని అడగడానికొచ్చేను."

చిలకమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుని, కాస్త గొంతు తగ్గించింది.

"నీకో మాట సెప్తాను, బయటకి పోనీకు. మా అత్తకి పళ్ళు లేవు. ఆ బియ్యం ఎంత మెత్తగా వొండినా దిగవు, దగ్గు తెరొచ్చేత్తాది. మెట్ల కింద ఇడ్లీబండి చిట్టెమ్మ లేదూ, నెల మొదట్లో రేషన్ బండి రాగానే సగం బియ్యం దానికి పోసేత్తాను. అది రుబ్బుకుంటాది. రోజూ పొద్దున్న మా అత్తకి మూడిడ్లీలు పంపిత్తాది, సాయంత్రం మిగిలితే ఇంకో రెండు. రెండేళ్ళబట్టి ముసల్దాని కడుపు అలాగే నడుత్తాంది."

"డబ్బులిచ్చినా చిట్టెమ్మ ఇడ్లీలిస్తాది కదా పిన్నీ?"

"ఇత్తాది, డబ్బులుంటే. ఇంట్లో డబ్బులు నిలుత్తాయేటి? గ్యాసయిపోతే గ్యాసుకెల్తాయి, జొరమొత్తే మందులకెల్తాయి. మీ బాబాయ్ తాగక్కర్లేదు, నాను దుబారా సెయ్యక్కర్లేదు, ఎవులూ ఏ తప్పూ సెయ్యకుండానే అయిపోతాయి. బియ్యమైతే ఒకపాలి చిట్టెమ్మకి పోసేసేనంటే నెలంతా మరి దాని గురించి ఆలోసించక్కర్లేదు." నానిన వేళ్ళు ఒత్తుకుంది. "ఆలోసించక్కర్లేకుండా ఉండేది మా ఇంట్లో అదొక్కటే బిందూ."

మర్నాడు పొద్దున్న ఇద్దరూ సచివాలయానికి వెళ్ళారు. కంపెనీ వ్యాను ఏడింటికే వెళ్ళిపోతుంది కాబట్టి చిలకమ్మకి ఆ రోజు పని పోయినట్టే.

లోపల దేవీప్రసాద్ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. సంక్షేమ కార్యదర్శి. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు గానీ, మూడు రోజులుగా నిద్రలేక కళ్ళు పీక్కుపోయాయి. విషయం విని, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"ఎక్కించేశాం కదండీ. మార్చాలంటే కొత్త ఫారం, వేలిముద్ర, మార్పుకి కారణం. కారణం లేకపోతే సిస్టం తీసుకోదు."

"కారణమా?" అంది చిలకమ్మ.

"అవునమ్మా. ఎందుకు మారుస్తున్నారో."

ఆమె హిమబిందు వైపు చూసింది. ఇడ్లీల సంగతి చెబితే బియ్యం అమ్ముకుంటున్నట్టే లెక్క. మొగుడు తాగేస్తాడని చెబితే అది నిజం కాదు.

పక్క కుర్చీలో రమణమూర్తి కూర్చుని ఉన్నాడు. మెట్ల కింద మేడ ఆయనదే. స్టీల్ ప్లాంటులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంటిపన్ను కాగితం కోసం వచ్చి, ఇదంతా విన్నాడు. లేచి చిలకమ్మకి తన కుర్చీ ఇచ్చాడు. ఇచ్చి, మొదలుపెట్టాడు.

"అసలు ఈ రెండూ తప్పే అంటాన్నేను. డబ్బులిస్తే తాగేస్తారు, బియ్యమిస్తే అమ్మేస్తారు. నిన్ను కాదమ్మా, లోకం సంగతి చెప్తున్నాను. రాగులివ్వాలి, పప్పివ్వాలి, గుడ్లివ్వాలి. ఏం తినాలో ముందు నేర్పాలి. ప్రజల సొమ్ము కదా, దేనికి ఖర్చవుతోందో అడిగే హక్కు అందరికీ ఉంటుంది."

దేవీప్రసాద్ వినడం లేదు. బయట బెంచీ మీద కూర్చున్న ఒకరిద్దరు తలూపారు. ఒకామె, "గుడ్లైతే మంచిదే," అంది.

"పొద్దున్న ఏటి తిన్నారు బాబూ?" అని అడిగింది చిలకమ్మ. ఆమె గొంతులో వెటకారం లేదు.

"నేనా? గోధుమరవ్వ ఉప్మా. షుగరు కదా."

"ఎందుకు తిన్నారని మిమ్మల్ని ఎవులైనా అడిగేరేటి?"

"అది నా కష్టార్జితం అమ్మా."

"అవును బాబూ," అంది చిలకమ్మ. ఆ మాటకి ఆమె దగ్గర జవాబు లేకపోలేదు. పదేళ్ళుగా మంచులో నానుతున్న చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెప్పడానికి ఓపిక లేనట్టు గోడ మీది పథకాల పోస్టరు వైపు చూస్తూ ఉండిపోయింది. రమణమూర్తి కాసేపు నిలబడి, చేతిలో కాగితం మడిచి, విప్పి, బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

హిమబిందు కొత్త ఫారం ముందుకి లాక్కుంది. కారణం అన్నచోట రాసింది: "కార్డుదారు ఇంట్లో లేని సమయంలో, ఆమెను అడగకుండా, వేరొకరి సంతకం తీసుకున్నాను. పొరపాటు నాది." కింద తన పేరు, తన ఇళ్ళ క్లస్టరు నంబరు రాసి సంతకం పెట్టింది.

దేవీప్రసాద్ చదివి తలెత్తాడు. "మెమో వస్తుంది మీకు. తెలుసా?"

"తెలుసు సార్."

"వేరే ఏదైనా రాయొచ్చు కదా."

"జరిగింది అదే సార్."

ఆయన వేలిముద్ర మిషను చిలకమ్మ ముందుకి జరిపాడు. బొటనవేలు పెట్టింది, తీసుకోలేదు. చూపుడువేలూ తీసుకోలేదు. మంచునీళ్ళకి వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. కొంగుతో రుద్దుకుని, నోటి ఆవిరి పట్టి, మళ్ళీ పెట్టింది. ఆరోసారి ఉంగరపువేలికి పచ్చదీపం వెలిగింది. చిలకమ్మ ఆ వేలిని కాసేపు అలాగే పట్టుకుని, "ఇదొకటి మిగిలింది," అంది.

తిరిగి వస్తుంటే మెట్ల దగ్గర సన్యాసిరాజు ఎదురయ్యాడు. టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకి వెళుతున్నాడు. చిలకమ్మ ఆయన్ని చూసి, ఆగకుండా మెట్లెక్కి వెళ్ళిపోయింది. హిమబిందు ఆగక తప్పలేదు.

"మార్సేసేరా?"

"మార్చాం బాబాయ్. తప్పు నాదే. పిన్ని మీద కోప్పడకు."

"కోపమేటి." ఆయన డబ్బా ఇటు చెయ్యి నుంచి అటు చేతికి మార్చుకున్నాడు. "తాగడానికే డబ్బులు రాయించేననుకున్నావు కదూ."

ఆమె తల దించుకుంది.

"అందరూ అదే అనుకుంటారులే. తాగుతాను, లేదన్ను. గానీ దానికీ దీనికీ సమ్మందం లేదు. మద్దెన్నం షెడ్డులో అందరం డబ్బాలు ఇప్పుతాం. మా మేస్త్రీది సన్నబియ్యం, మెతుక్కి మెతుకు అంటుకోదు. నాది మూత తీసేసరికే ముద్ద కట్టేసి అదోలా వాసనొత్తాది. ముప్పై ఏళ్ళబట్టి మూత చాటు సేసుకుని తింటన్నాను. ఆ వొచ్చే డబ్బులికి ఇంకాస్త ఏసుకుని నెలకో పది కేజీలు సన్నబియ్యం కొందారనుకున్నాను. అంతే."

"ఆ మాట పిన్నితో అనలేకపోయావా?"

"అంటే, అమ్మ ఇడ్లీలు మానిపించేసి నువ్వు సన్నన్నం తింటావా అంటాది. నిజమే కదా మరి, ఏటంటాను?" నవ్వబోయి మానేశాడు. "ఒగ్గేయ్ బిందూ. టైమవుతాంది."

ఆయన రోడ్డు దాటి వెళ్ళేదాకా ఆమె అక్కడే నిలబడింది. నిన్న ఆయన ఇంటి గుమ్మంలో ఆమె ఇంకో ఐదు నిమిషాలు నిలబడి ఉంటే ఇవన్నీ వినేదేమో. విన్నా ఏ గడిలో టిక్కు పెట్టాలో తేలేది కాదు.

మెమో నాలుగో రోజున వచ్చింది. జవాబు రాసిచ్చింది. మరో రెండు వారాలకి ఫోనులో సందేశం వచ్చింది. బియ్యం బదులు డబ్బు ఇచ్చే ఏర్పాటు ప్రస్తుతానికి ఆగింది, తదుపరి సమాచారం వచ్చేవరకూ ఎవరూ ఎవరినీ ఏమీ అడగవద్దు. దేవీప్రసాద్‌ని అడిగితే బీరువా మీదున్న ఫారాల కట్టలు చూపించాడు. పురికొస కట్టి ఉన్నాయి.

నెల మొదట్లో బియ్యం బండి వచ్చిన రోజు హిమబిందు ఈ సంగతి చిలకమ్మతో చెప్పింది. చిలకమ్మ వరసలో సంచి పట్టుకుని నిలబడి ఉంది.

"అయితే ఆ కాయితాలన్నీ ఊరికేనా?"

"ఊరికే పిన్నీ."

"సర్లే," అంది. సంచి మడత విప్పుతూ, "అలాగని నీ మెమో ఎనక్కి తీసుకోరు గావాల," అంది. తన వంతు రావడంతో ముందుకి కదిలింది. మిషను దగ్గర ఏ వేలు పెట్టాలో ఇప్పుడు ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం హిమబిందు ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, గోడకి ఆనుకుని కూర్చుంది. తల్లి మహేశ్వరి వంటింట్లో చింతపండు పిసుకుతోంది. హిమబిందు జరిగినదంతా చెప్పింది. ఇడ్లీల సంగతి మాత్రం దాచింది.

మహేశ్వరి అంతా విని, "మరి మనింటికి ఏటి రాసేవే?" అంది.

యాభై రెండు ఇళ్ళలో వాళ్ళ ఇల్లూ ఒకటి. కార్డు తల్లి పేరు మీదే ఉంది. మొదటిరోజు పొద్దున్న కాలనీలోకి బయలుదేరే ముందు, పని ఒకటి తగ్గుతుందని, బియ్యం గడిలో తనే టిక్కు పెట్టి తల్లి సంతకం తనే పెట్టేసింది.

"బియ్యం," అంది.

"ఓహో."

"నిన్ను అడగలేదమ్మా."

"అడగలేదు," అంది మహేశ్వరి. గొంతులో కోపం లేదు. చింతపండు పిప్పి పిండి పక్కన పడేసింది.

"ఇప్పుడడుగుతున్నాను. నీకేది కావాలి?"

"ఆగిపోయిందన్నావు కదే."

"ఆగిపోయింది. అయినా చెప్పు."

మహేశ్వరి చేతులు కడుక్కుని, కొంగుకి తుడుచుకుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు ఎదురుగోడ వైపు చూసింది. బయట కుక్కరు కూత ఒకటి వినిపించింది, పక్కింటిది.

"తెల్దే," అంది చివరికి. "ఎవులూ ఎప్పుడూ అడగలేదు గదా. ఆలోసించుకుని సెప్తాను, ఉండు."