సముద్రం దాకా వెళ్తుందా?

హొదొనీన్ ఊళ్ళోని ఆ కార్ల షోరూంకి శనివారం ఉదయం జనం పిల్లలతో సహా వస్తారు. అందరూ ముందు ఆ నిమ్మపండు రంగు చిన్న ఎలక్ట్రిక్ కారు చుట్టూనే చేరతారు. పిల్లలు హారన్ మోగిస్తారు. పెద్దలు వెనక సీటు మడిచి, "బంగాళాదుంపల బస్తా హాయిగా పడుతుందే!" అని మురిసిపోతారు. ధర వినగానే ముఖాలు విప్పారుతాయి. ఆ తర్వాత తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది.

"సరేగానీ, సముద్రం దాకా వెళ్తుందా?"

వాళ్ళ దేశానికి సముద్రం లేదు. వేసవిలో ఒక్క వారం ఊరు ఊరంతా క్రొయేషియా సముద్రానికి తరలిపోతుంది. మిగిలిన ఏడాదంతా వాళ్ళ కార్లు బజారుకీ బడికీ మాత్రమే తిరుగుతాయి. అయినా కారు కొనేది మాత్రం ఆ వారం కోసమే.

"వెళ్తుందండీ. దారిలో నాలుగుసార్లు ఆగి చార్జింగ్ పెట్టుకోవాలి, అంతే" అంటుంది క్వేతా. చిన్న కారు అమ్మడానికే ఆమెను ఉద్యోగంలో పెట్టుకున్నారు. పెళ్ళై రెండు నెలలైనా కాలేదు. ఆమెకి లోకమంతా ఇంకా మిలమిలలాడుతూనే ఉంది.

"నాలుగుసార్లా! అయితే వద్దులేమ్మా" అంది నర్సు యిత్కా. ఆమె పనిచేసే ఆసుపత్రి పక్క వీధిలోనే ఉంది.

మేనేజరు కుబీచెక్ నిట్టూర్చాడు. "ఈ ప్రశ్న విని విని కంపెనీవాళ్ళు పెద్ద బ్యాటరీతో ఇంకో కారు చేశారు. దాంతో బరువు పెరిగింది, ధరా పెరిగింది. అదిగో, ఆ మూలన నిలబడి ఉంది. అది కావాలన్నవాళ్ళు కొనలేరు. ఇది కొనగలిగినవాళ్ళు భయపడతారు. వేసవి అయ్యేలోగా ఒక్కటైనా అమ్ముడుపోకపోతే చిన్నదాన్ని తెప్పించడం మానేస్తాం. నిన్నూ పంపెయ్యాల్సి వస్తుందమ్మా."

ఆదివారం భోజనాల దగ్గర క్వేతా ఆ మాట బయటపెట్టింది. మామగారు ఓతకర్ పకపకా నవ్వాడు. ఆయన దూరప్రయాణాల బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒక్కచోట మాత్రమే ఆగి సముద్రం చేరడం ఆయన జీవితంలోకెల్లా పెద్ద గర్వం.

"ఆ సబ్బుపెట్టెలో సముద్రానికా? దారిలో దిగి తోస్తావా అమ్మాయ్?"

"తోయాల్సొస్తే నిన్నే పిలుస్తాం నాన్నా" అన్నాడు క్వేతా భర్త రదీమ్.

"పందెం మామయ్యగారూ! వచ్చే శనివారం షోరూంలో ఆ కారే అడిగి తీసుకుని వెళ్తాం. మీరు మీ డీజిల్ బండిలో రండి."

"మీరొచ్చేసరికి నేను ఈతకొట్టి, ఒక కునుకు తీసి లేస్తాను."

పొయ్యి దగ్గర కట్లెట్లు వేయిస్తున్న అత్తగారు బొజెనా వెనక్కి తిరగకుండానే అంది: "నేను పిల్లలతో వెళ్తాను. ఇన్నేళ్ళూ నీ పక్కన కాళ్ళు వాచేదాకా కూర్చున్నాను. ఈసారి చాపుకుంటాను."

ఓతకర్ చేతిలోని చెంచా గాలిలోనే ఆగిపోయింది.

ప్రయాణం మొదట్లో హాయిగానే సాగింది. వియన్నా దాటాక మొదటిసారి ఆగి కాఫీ తాగారు. తర్వాత ఆగవలసిన చోట మాత్రం చార్జింగ్ యంత్రం పనిచెయ్యలేదు. క్వేతా బ్యాటరీలో ఎంత మిగిలిందో చూసుకుంది. దారిలో బండి ఆగిపోతే ఊరంతా నవ్వుతుంది, కారుతోపాటు తన ఉద్యోగమూ పోతుంది. ఏసీ కట్టేసి, అద్దాలు దించి మెల్లగా పోనిచ్చారు. గాలికి అత్తగారి టోపీ ఎగిరి వెనక సీట్లో పడింది. తర్వాతి చోట యంత్రంలో పచ్చదీపం వెలగగానే రదీమ్ భార్యని ఎత్తుకుని గిర్రున తిప్పాడు.

"దించరా, కడుపులో కాఫీ తిరుగుతుంది!" అంటూ బొజెనా గడ్డి మీద దుప్పటి పరిచి కట్లెట్ల డబ్బా తెరిచింది. ఎదురుగా వాగు గలగలా పారుతోంది.

"ఈ వాగు ఎప్పటినుంచి ఉందిరా ఇక్కడ?"

"ఎప్పటినుంచో ఉందమ్మా. నాన్న ఎప్పుడూ ఆపలేదంతే."

ఆమె చెప్పులు విడిచి నీళ్ళలో కాళ్ళు పెట్టింది. చిన్నపిల్లలా నవ్వింది.

చీకటిపడే వేళకి సముద్రం చేరారు. మధ్యాహ్నమే వచ్చేసిన ఓతకర్ నడుం పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుని ఉన్నాడు.

"గెలిచాను" అన్నాడు నీరసంగా. "కట్లెట్లేవీ?"

పాపం, డబ్బా చిన్న కారులో వచ్చిన సంగతి ఆయనకి వియన్నా దాటాకగానీ గుర్తురాలేదు. ఎక్కడా ఆగకూడదన్న పంతంతో ఏమీ తినకుండానే వచ్చాడు.

"రెండు మిగిలాయి. మిగతావి వాగు దగ్గర తినేశాం" అంది బొజెనా.

"ఏ వాగు?"

"నువ్వు ఏటేటా దాటిపోయే వాగు."

ఆయన ఆ రెండూ నమిలాడు. తిరుగు ప్రయాణంలో డీజిల్ బండి కొడుక్కిచ్చి, చిన్న కారు తానే నడిపాడు. వాగు దగ్గర అవసరం లేకపోయినా ఆపాడు.

మరుసటి శనివారం యిత్కా మళ్ళీ వచ్చింది, మళ్ళీ అదే అడిగింది. క్వేతా నోరు తెరిచేలోగా, కారు అప్పగించడానికి భార్యతో వచ్చి వెనకే నిలబడ్డ ఓతకర్ అందుకున్నాడు. ఆయన బస్సెక్కనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. షోరూమంతా చెవులు రిక్కించింది.

"యిత్కా, మీ ఆసుపత్రి సముద్రంలో ఉందా?"

అందరూ గొల్లుమన్నారు.

"వెళ్తుందమ్మా, నేనే నడిపాను. ఆలస్యమవుతుంది, నిజమే. ఒకచోట యంత్రం పాడైంది, అదీ నిజమే. కానీ మా ఆవిడ కాళ్ళు వాచకుండా సముద్రం చేరింది. నేను గెలిచి పస్తున్నాను. ఒక్క వారం దర్జా కోసం ఏడాదంతా పెద్ద బండి బరువు మోస్తూ, మంచి కారు చవగ్గా రావట్లేదని కంపెనీలని తిట్టుకుంటున్నాం. నీ షెడ్డులో ప్లగ్గుంది కదా, ఇంకేం కావాలి నీకు?"

యిత్కా నిమ్మపండు రంగు తలుపు నిమిరింది. "తాళాలివ్వు క్వేతా" అంది.

"రెండోది నాకు" అంది బొజెనా. "మా ఆయన డీజిల్ బండి అమ్మేస్తాడు."

"ఎప్పుడన్నానే?"

"ఇప్పుడే అంటావు."

చప్పట్లు మోగాయి. క్వేతా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. కుబీచెక్ మరో నాలుగు చిన్న కార్ల కోసం ఫోనందుకున్నాడు.

కంపెనీలు మనం అడిగినవే తయారుచేస్తాయి. అందుకే ఏడాదిలో ఒక్క వారం కోసం కాదు, రోజూ బతికే బతుకు కోసం అడగడం మనం నేర్చుకోవాలి.