మూడో తొట్టి చుక్క

నేను ఒక పాత మైక్రోస్కోపును. ప్రయోగశాల పరికరాలు తయారుచేసే అంబాలాలో పుట్టి, అనంతపురం జిల్లాలోని ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లు కొలువు చేశాను. పిల్లలు నాలోంచి తమ కనురెప్పల వెంట్రుకలనే చూసుకుని, అవే సూక్ష్మజీవులని బొమ్మలు గీసేవారు. మాస్టార్లు వాటికి మార్కులూ వేసేవారు. నన్ను నిజంగా వాడుకున్నది గాజుపలకలు కడిగే అటెండరు ఓబులమ్మ ఒక్కతే. అందరూ వెళ్లాక కుండీ నీటి చుక్కను నా కింద పెట్టి, గంటసేపు కదలకుండా చూసేది.

కొత్త యంత్రాలు రాగానే నన్ను వేలానికి పెట్టారు. ఆ ఏడే రిటైరైన ఓబులమ్మ నన్ను పాడుకుని ఇంటికి తెచ్చుకుంది. మరిది సిద్దయ్యతో కలిసి చేలో నాలుగు తొట్లు కట్టించి స్పిరులినా అనే తినే నాచును పెంచడం మొదలుపెట్టింది. పచ్చటి ఆ నాచును వడగట్టి, ఎండబెట్టి, పొడి చేసేవారు. పిల్లల కోసం చిక్కీలు చేసే ఒక సంస్థ, సేంద్రియ ధ్రువపత్రం ఉంటేనే ఆ పొడి తీసుకుంటానంది. దానికోసం వాళ్లు మూడేళ్లు యూరియా ముట్టకుండా, ప్రతిరోజూ పుస్తకంలో రాసుకుంటూ ఎదురుచూశారు.

తనిఖీ నాలుగు రోజులుందనగా గాలివాన వచ్చింది. తొట్ల మీద కప్పిన వల చిరిగి, మూడో తొట్టిలోకి బురదనీరు చేరింది. రెండు రోజుల తరువాత ఓబులమ్మ ఆ నీటి చుక్కను నా కింద పెట్టింది. స్ప్రింగుల్లా మెలితిరిగిన స్పిరులినా పోగుల మధ్య గుండ్రటి చుక్కలు గుంపులు కట్టి ఉన్నాయి. అది విషం పుట్టించే నాచు కావచ్చని ఆమెకు అనుమానం. అప్పటికే, వాన తరువాత ఆ తొట్టిలోంచి తీసిన పొడి రెండు డబ్బాలు నిండింది.

సిద్దయ్య గొంతు తగ్గించి అన్నాడు: "వదినా, వచ్చే ఆయప్ప కాగితాలు చూస్తాడు గానీ నీళ్లల్లోకి తొంగి చూస్తాడా? మిగతా పొడిలో కలిపేస్తే ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుసు గదా సిద్దయ్యా. తినేది పసిబిడ్డలు."

ఆ సాయంత్రమే ఇద్దరూ తొట్టి ఖాళీ చేసి, సున్నం వేసి రుద్దారు. రెండు డబ్బాల పొడినీ గోతిలో పూడ్చారు. సిద్దయ్య అన్నం తినకుండానే పడుకున్నాడు.

తనిఖీకి వచ్చిన శ్యామసుందర్‌కు ఓబులమ్మ ముందుగా ఆ ఖాళీ తొట్టినే చూపించింది. జరిగిందంతా చెప్పింది. ఆయన పుస్తకం తిరగేసి, తక్కిన మూడు తొట్ల నీళ్లూ నాలోంచి చూశాడు.

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదమ్మా" అన్నాడు చివరికి. మూడో తొట్టిని పక్కన పెట్టమని రాసి, మిగతావాటి పొడిని పరీక్షకు సీలు వేసి తీసుకెళ్లాడు.

ఏడు వారాలకు మూడు తొట్లకూ ధ్రువపత్రం వచ్చింది. సిద్దయ్య దాన్ని రెండుసార్లు చదివించుకుని, వల అల్లుకోవడానికి వెళ్లిపోయాడు. ఈసారి రెండు వరసలు గట్టిగా అల్లాడు.

నాకు వయసు మీరింది. బొమ్మను తేటగా నిలిపే మర బిగువు తగ్గి, చూస్తుండగానే బొమ్మ మసకబారిపోతుంది. ఓబులమ్మ మరను వేలితో ఆపి పట్టుకుని చూస్తుంది. ఆ వేలు అక్కడ ఉన్నన్నాళ్లు నా చూపుకేం భయం లేదు.