ఒక్రాన్ రాణిగారి సవరం

నేను ఒక సవరాన్ని. మీ ఇళ్ళల్లో పెళ్ళికూతురి జడలో కలిపి అల్లే బుల్లి సవరాన్ని కాను. దక్షిణ కొరియా చారిత్రక సీరియళ్ళలో రాణులు నెత్తిన మోసే, రోకలి లావు జడల్ని చుట్టలు చుట్టి పేర్చిన మహా సవరాన్ని. బరువంటారా, అప్పుడే పుట్టిన బిడ్డంత ఉంటాను. ఇంత తెలుగు నీకెలా వచ్చిందని అడుగుతారేమో, నేను పుట్టిందే తెలుగు తల మీద.

నాలో ఎక్కువ భాగం చీపురుపల్లి దగ్గరి పైడమ్మ అనే ఆవిడ జుట్టు. పెనిమిటికి కామెర్లు తగ్గితే తలనీలాలిస్తానని మొక్కుకుంది, తగ్గాక తిరుమల వచ్చి కల్యాణకట్టలో కూర్చుంది. నడుము దాటిన జుట్టు. పక్కన కూర్చున్నామె చూసి అయ్యో అని నొచ్చుకుంటే పైడమ్మ నవ్వేసింది.

"జుట్టుకేటమ్మా, పోతాది, మల్లీ వస్తాది. తలకాయుంటే సాల్దా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ ఆవిడకి అందమిచ్చింది నేను, గొప్ప మాత్రం తలకాయదట! ఆ ఉక్రోషంతోనే వేలంలో అమ్ముడుపోయి, మూటల్లో సముద్రం దాటి, సియోల్లో ఒక సవరాల దుకాణానికి చేరాను. అక్కడ నన్ను కడిగి, నల్లరంగు పట్టించి, ఊరూ పేరూ తెలియని మరికొందరి జుట్టుతో కలిపి అల్లారు. ఎవరెవరి వెంట్రుకలు కలిసినా పొగరు మాత్రం అచ్చంగా నాదే.

ఒక టీవీ కంపెనీ నన్ను కొని, అప్పట్లో రాణి వేషాలు వేసే పెద్ద నటి తలకెక్కించింది. ఆ దర్బారులో వెనక వరసలో చివరన పళ్ళెం పట్టుకుని తలవంచుకు నిలబడే దాసి ఒకామె ఉండేది. పేరు ఒక్రాన్. ఇంచోన్ రేవులో చేపలమ్మే ఆవిడ కూతురు. మాటల్లేని వేషం. షూటింగు అయ్యాక నన్ను ఆ పళ్ళెంలోనే పెట్టి మేకప్ గదికి మోసుకెళ్ళేది. నేను ఆమె వైపు కన్నెత్తి చూసేదాన్ని కాదు. కళ్ళు లేవనుకోండి, ఉన్నా చూసేదాన్ని కాదు.

ఇంతలో పెద్ద నటికి పెళ్ళి కుదిరింది. ఆ రోజుల్లో అక్కడ పెళ్ళయిన నటి ఇంటిపట్టున ఉండిపోవడం మామూలు. కొత్త సీరియల్ ముంచుకొచ్చింది, రాణిగారి బట్టలేమో కుట్టి సిద్ధంగా ఉన్నాయి. అవి ఎవరికి సరిపోతాయా అని వెతికితే ఒక్రాన్‌కి సరిపోయాయి. మా ఒక్రాన్ కళకి దొరికిన తొలి గుర్తింపు అదీ.

అక్కడ షూటింగు మొదలుపెట్టే ముందు బల్ల మీద ఉడికించిన పంది తలకాయ పెట్టి, పూజ చేసి, అందరూ దానికి సాష్టాంగపడతారు. ఒక్రాన్ వంతు వచ్చింది. ఇంత పెద్ద వేషం ఇచ్చారన్న కృతజ్ఞత కొద్దీ, నెత్తిన నేనున్న సంగతి మరిచి, నేలకంటా వంగబోయింది. నేను జారి సరిగ్గా పంది తల మీద కూర్చున్నాను. రంగు తేలిన బుగ్గలతో, సగం మూసిన కళ్ళతో ఆ పంది ఎంత హుందాగా ఉందో! నిజం చెప్పాలంటే, నాకు అంత కుదురుగా అమరిన తల అంతకుముందు దొరకలేదు. ఒక్రాన్ ఏడుపు ఆపుకుంటూ నిలబడింది. శుభశకునమే లెమ్మని దర్శకుడు నవ్వేశాడు.

మళ్ళీ పడిపోతానన్న భయంతో ఆనాటి నుంచీ ఆమె మెడ తిప్పడం మానేసింది. ఎవరివైపు చూడాలన్నా కళ్ళు మాత్రమే కదిపేది, అడుగులో అడుగు వేసేది. పత్రికలవాళ్ళు దానికి రాజసం అని పేరు పెట్టారు. ఆమె కంటి కొస చూపుకే మంత్రులు వణికిపోతారని రాశారు. అది చదివి నేను పొంగిపోయాను. ఆ రాజసం ఎవరిది? నా బరువుది. నటించేది నేను, కింద నన్ను మోసేది ఆమె. ఏళ్ళ తరబడి ఇదే నా నమ్మకం.

వయసు మీద పడ్డాక ఆమెకి ఈ కాలపు కథల్లో కోటీశ్వరురాలైన అత్తగారి వేషాలు వచ్చాయి, కోడళ్ళ మొహాన గ్లాసుడు నీళ్ళు కొట్టడం రోజువారీ పనైంది. నేను పెట్టెలో కలరా ఉండల వాసన పీలుస్తూ, నేను లేకుండా ఆమె ఏం నటిస్తుందిలే అనుకున్నాను. ఆమె మాత్రం బాగానే నటించిందట.

అరవై దాటాక మళ్ళీ పిలుపు వచ్చింది, రాజమాత వేషానికి. అప్పటికి ఆమె మెడ ఎముకలు అరిగిపోయాయి, కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. తలమీద బరువు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అందుకని స్పాంజితో చేసిన తేలిక సవరం తెప్పించారు. సీరియల్ అంతా దానితోనే లాగించి, చివరి ఘట్టానికి మాత్రం ఒక్రాన్ ఒప్పుకోలేదు. తిరుగుబాటు చేసిన సేనాధిపతి వచ్చి రాజమాత నెత్తిమీది సవరం లాగేసే ఘట్టం అది. బహుశా తన ఆఖరి రాణి వేషం. మొదటినుంచీ ఆమెకి జుట్టు ముడిచే చునే ఎంతో బతిమాలింది.

"అక్కా, నీ మెడ చూసుకో. చెయ్యి పడిపోతే ఎవరు దిక్కు?"

"ఈ స్పాంజిది తలమీద లేనట్టే ఉంది చునే. లేనిదాన్ని లాక్కుంటే నాకేం పోయినట్టు?"

పెట్టెలోంచి నన్ను తీశారు. నా గర్వం అంతా ఇంతా కాదు.

సేనాధిపతి వేషం వేసినవాడు దొసిక్ అనే నలభై ఏళ్ళ నటుడు. తెరమీద అతన్ని చూస్తే పిల్లలు జడుసుకుంటారు. మనిషి మాత్రం వెన్నముద్ద. ఆ దేశంలో పెద్దవాళ్ళ దగ్గర ఏది పుచ్చుకున్నా కొంచెం వంగి రెండు చేతులతో పుచ్చుకోవాలి. పైగా తనకన్నా ముందు వృత్తిలోకి వచ్చినవాళ్ళంటే గురువులతో సమానం. కెమెరా తిరిగింది. దొసిక్ గుడ్లురుముతూ వచ్చాడు, నన్ను రెండు చేతులా భక్తిగా ఎత్తి, తల వంచాడు.

"బాబూ, నువ్వు రాజమాతని అవమానించాలి. పండగ బట్టలు పుచ్చుకున్నట్టు పుచ్చుకుంటావేమిటి?" అన్నాడు దర్శకుడు.

మళ్ళీ తీశారు. ఈసారి ఒంటి చేత్తోనే లాగాడు గానీ, ఆ వెంటనే నడుము దానంతటదే వంగిపోయింది. ఇంకోసారీ అంతే. ప్రతిసారీ చునే నన్ను తిరిగి కట్టడం, ఒక్రాన్ పళ్ళ బిగువున ఓర్చుకోవడం. మధ్యలో ఇచ్చిన టీ కప్పు ఆమె వేళ్ళ నుంచి జారి పగిలింది. అది చూసి దర్శకుడు, మీరు కూర్చోండి, మీ బదులు ఇంకొకరిని పెట్టి వెనకనుంచి తీసేస్తాం అన్నాడు, మర్యాదగానే. చేపల రేవు నుంచి ఇంత దూరం నడిచొచ్చిన మనిషి ఆఖరి ఘట్టం ఎవరి వీపుకో పోబోతోంది. నాకే జాలేసింది.

"ఒక్కసారి తీయండి. కుదరకపోతే మీ ఇష్టం" అంది.

కెమెరా తిరిగింది. దొసిక్ చేతులు నా దాకా వచ్చి ఆగిపోయాయి. అప్పుడు ఒక్రాన్ తనే పిన్నులు తీసింది. నన్ను పైకెత్తి, ఒంటిచేత్తో అతనివైపు చాచింది.

"నీకు కావలసింది ఇదేగా. తీసుకో."

పాపం దొసిక్, అలవాటు చొప్పున వంగాడు. రెండు చేతులా నన్ను అందుకున్నాడు. సర్వం దోచుకోవడానికి వచ్చిన సేనాధిపతి, నెరిసిన చిన్న ముడితో బోసి తలతో నిలబడ్డ ముసలామె ముందు తల వంచేశాడు. దర్శకుడు కట్ చెప్పలేదు. నేను అతని చేతుల్లోంచి ఆమె వైపు చూశాను. నేను లేను, నా బరువు లేదు, అయినా ఆ మెడ అలాగే నిటారుగా ఉంది. కంటి కొస చూపూ అలాగే ఉంది. ఇన్నేళ్ళూ నాదనుకున్నదంతా ఆమె దగ్గరే ఉండిపోయింది.

మళ్ళీ వంగేశానని, క్షమించమని దొసిక్ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వంగావు కాబట్టే బాగుందయ్యా అన్నాడు దర్శకుడు. ఆ ఘట్టానికి ఆమెకి బహుమతి వచ్చింది. పేపర్లలో వేసిన ఫొటోలో నేనూ ఉన్నాను, కింద మూలన, నల్లపిల్లి పడుకున్నట్టు.

ఇప్పుడు నేను ఒక సినిమా మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పెట్టె కింద అతికించిన నాలుగు వాక్యాలు చదవడానికి జనం వంగుతారు. అందుకే వంగుతున్నారని తెలిసినా, నాకే నమస్కారం పెడుతున్నారనుకుంటాను. బుద్ధి అంత తొందరగా మారుతుందా?

మొన్న ఒక్రాన్ వచ్చింది. వైద్యం చేయించుకుందట, వేళ్ళు కుదుటపడ్డాయట. కత్తిరించుకున్న తెల్లజుట్టు. ఇప్పుడొక సీరియల్లో చేపలమ్మే ముసలమ్మ వేషం వేస్తోందని చునే గొప్పగా చెబుతోంది. ఒక్రాన్ నా ఎదుట కాసేపు నిలబడి, అద్దం మీద చెయ్యి ఆనించి, ఇన్నేళ్ళూ దీన్ని ఎలా మోశానే అని నవ్వింది. పైడమ్మ కల్యాణకట్టలో నవ్విన నవ్వే అది. ఈసారి నాకు ఒళ్ళు మండలేదు.

గుమ్మం దాటబోతూ ఆగి, మెడ తిప్పి వెనక్కి చూసింది. నేనుండగా ఒక్కనాడూ ఆమెకి చేతకాని పని అది.