గొడుగు జమ్ము

ఎండిన కాడను ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేతిని మొదలు దాకా జార్చి, నీటికి జానెడు పైన కొడవలితో ఒక్క లాగు లాగాడు పెద్దిరాజు. కాడ తెగి భుజం మీద వాలింది. దాన్ని గట్టు మీదికి విసిరి, పక్కనున్న పచ్చ కాడలను మోచేత్తో ఒత్తిగించి, లోపల ఎండినది ఇంకేదైనా ఉందేమోనని తొంగి చూశాడు. రబ్బరు బూట్లు ఛాతీదాకా ఉన్నా ఎక్కడో చిల్లు పడి ఎడమ కాలు నానుతూనే ఉంది. ఆ కాలి వేళ్ళ సందులు ఎప్పుడు చూసినా తెల్లగా పాచిపోయి ఉంటాయి.

మనిషికన్నా ఎత్తు మొక్క. కాడ చివర పచ్చటి పోగులు గొడుగులా విచ్చుకుంటాయి. బోర్డు మీద పేపిరస్ అనీ, దాని కింద ఇంకా పొడవాటి పేరొకటీ రాసి ఉన్నాయి గానీ, సింగపూరు చాంగీ బిజినెస్ పార్కు కొలను దగ్గర ఆ బోర్డు ముందు ఆగి చదివిన వాణ్ణి పదకొండేళ్ళలో పెద్దిరాజు చూడలేదు. అతనికది గొడుగు జమ్ము. అంతే. కోసినట్టు కనబడకుండా కోయడమే ఇక్కడి పనితనం. ముసలి కాడ పోవాలి, లేతది రావాలి, గాజు మేడ మీంచి చూసేవాళ్ళకు దుబ్బు ఎప్పుడూ ఒకేలా ఉండాలి.

అసలు జమ్ముతో అతనికి చుట్టరికం కొల్లేటి అంచున మొదలైంది. చేపల చెరువుల్లో జమ్ము మొలిస్తే ఆసాములు అతనికి కబురు పెట్టేవారు. అక్కడ నీటిపైన కోస్తే పనికిరాదు. నీళ్ళలోకి చెయ్యి పెట్టి వేలెడు లోతున కోయాలి. కోసిన చోట నుంచి నీరు దిగి, గాలాడక, దుంప కుళ్ళిపోతుంది. మళ్ళీ తలెత్తదు. ఇరవై ఏళ్ళు జమ్మును చంపి బతికినవాడు సింగపూరు వచ్చి జమ్మును పెంచి బతుకుతున్నాడు. ఇంటికి ఫోను చేసినప్పుడు ఆ మాట చెప్పి తనే నవ్వుకునేవాడు.

ఈ నెల నవ్వు రావడం లేదు. తోటపని కాంట్రాక్టు కొత్త కంపెనీకి పోయింది. వాళ్ళు ఉంచుకుంటే ఇక్కడ పని చేసే పర్మిట్ ఉంటుంది, లేకపోతే లేదు. కూతురికి నర్సింగు ఇంకా రెండేళ్ళుంది. యాభై నాలుగేళ్ళ మోకాళ్ళతో మళ్ళీ చేపల చెరువుల్లోకి దిగగలనా అని రోజుకు పదిసార్లు అనుకుంటున్నాడు.

పది గంటలకు చక్రధర్ వచ్చాడు. ఆ బిల్డింగు బాగోగులు చూసే మేనేజరు, కరీంనగర్ వాడు. మెడలో కార్డు, చేతిలో కాఫీ.

"అంకుల్, రేపు కొత్త కంపెనీ వాళ్ళు వస్తున్నరు. ఈ ప్లాంట్స్ వెనక మన నేమ్ బోర్డే కనిపిస్తలేదు. మొత్తం తీసెయ్యండి, వాటర్ క్లీన్‌గా కనిపియ్యాలె."

"జానెడు మొదళ్ళు ఉంచుతానండి. నెలలో చిగురేసేద్ది."

"స్టంప్స్ అస్సలు కనపడొద్దు. నీళ్ళ కిందికి కట్ చెయ్యండి. సాయంత్రానికే ఫొటోలు పంపమన్నరు వాళ్ళు."

పెద్దిరాజు కొడవలి దించాడు.

"కింద కోస్తే సచ్చిపోద్ది బాబూ. ఇంక లేవదు."

"మల్ల కొత్తయి పెట్టిస్తం లే." చక్రధర్ చెడ్డవాడు కాదు. వెళ్ళబోయి ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "మీ పేరు చెప్పిన అంకుల్ వాళ్ళకు. పని చూస్తమన్నరు. మంచిగ కనపడేటట్టు చెయ్యండి."

ఇంక అనడానికేముంది? పెద్దిరాజు వంగి నీళ్ళలోకి చెయ్యి పెట్టాడు. వేలెడు లోతు. చేతికి ఆ కొలత ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేకపోయింది. మొదటి కాడ తెగినప్పుడు బుడగలు లేచాయి. ఏడుపొచ్చింది. ముక్కు ఎగబీల్చి రెండోది పట్టుకున్నాడు. ఒక్క దుంప ముక్క తెచ్చి ఈ మూల నాటింది అతనే. ఈ చేత్తోనే.

మధ్యాహ్నం అన్నం పొట్లం విప్పుతుంటే ఇంటి నుంచి భార్య ఆదెమ్మ ఫోను చేసింది.

"ఏమన్నారయ్యా?"

"నా పేరు చెప్పాడంట. పని చూత్తారంట."

"ఇంకేం మరి. నీ పని చూసి ఎవురు వద్దంటారు?"

అతను ఊఁ అన్నాడు. ఏ పని చూస్తారో చెప్పలేదు.

నాలుగింటికల్లా కొలను నున్నగా అయింది. గాజు మేడ అందులో తలకిందులుగా దిగింది. చక్రధర్ కిటికీలోంచే బొటనవేలెత్తి చూపించాడు. అరగంటకు తనే కిందికి వచ్చాడు. ఈసారి చేతిలో కాఫీ లేదు.

"ఫొటోలు పంపిన అంకుల్. బాగుందన్నరు. కానీ... వాళ్ళకు వాళ్ళ మనుషులే ఉన్నరంట. మెషిన్ టీమ్. నేను శానా చెప్పిన. శుక్రవారం మీ పాత కంపెనీ వాళ్ళు ఊరికి టికెట్ పంపిస్తరంట."

"సరేనండి," అన్నాడు పెద్దిరాజు. పొద్దున్న అనాల్సిన మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. వాటితో ఇప్పుడు పనేముంది?

చక్రధర్ అతని చెయ్యి పట్టుకుని, వదిలేసి లిఫ్టు వైపు వెళ్ళిపోయాడు.

గట్టు మీద కోసిన కాడలు గుట్టగా పడి ఉన్నాయి. వాటిలోంచి లేత గొడుగొకటి ఏరి, కాడ జానెడు ఉంచి తుంచాడు పెద్దిరాజు. పోగులు సగానికి కత్తిరించాడు. పంపు గది వెనక పాత పెయింటు బకెట్టులో నీళ్ళు పోసి అందులో తలకిందులుగా ముంచాడు. ఈ మొక్కకు తలలోంచే వేళ్ళొస్తాయి. మూడు వారాలు నీళ్ళలో ఉంటే చాలు.

"ఏసూ, కాత్త దీన్ని చూసుకో," అన్నాడు.

ఏసుబాబు అక్కడ ఊడ్చే మనిషి, నర్సాపురం వాడు, నలభై దాటినవాడు. ఎక్కడా నిలవ నీళ్ళు లేవని దోమల చెకింగు కాగితం మీద వారం వారం సంతకం పెట్టేది అతనే. బకెట్టు వంక చూసి చీపురు గోడకానించాడు.

"అన్నా, నిలవ నీళ్ళు కనబడితే నా పని అయిపోద్ది. నీకు తెలవందా?"

తెలుసు. ఎక్కడ బకెట్టు కనబడినా, పూలకుండీ కింద పళ్ళెం కనబడినా పదకొండేళ్ళుగా బోర్లించింది తనే కదా. మూడు వారాలు ఎవరూ పంపు గది వెనక్కి రాకపోతే చాలని చెప్పబోయాడు. ఏసుబాబుకూ పర్మిట్ ఉంది, ఇంటి దగ్గర మనుషులున్నారు. చెప్పలేదు.

పనివాళ్ళను డార్మెటరీకి తీసుకెళ్ళే లారీ హారన్ కొట్టింది. "తొందరేం లేదన్నా, నేను తీత్తాలే," అన్నాడు ఏసుబాబు తల వంచుకుని.

"వద్దులే," అని పెద్దిరాజే బకెట్టు వంచాడు. నీళ్ళు సిమెంటు మీద పాకి జాలీలోకి పోయాయి. బూట్లు విప్పి ఏసుబాబుకిచ్చి, లారీ వెనక ఎక్కి, అందరితోపాటు బెంచీ మీద కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగింది.

పంపు గది వెనక బోర్లించిన బకెట్టు మీద, సగానికి కత్తిరించిన పచ్చ గొడుగు ఇంకా తడిగానే ఉంది.