మంగళవాడకు వచ్చిన బీటు పుస్తకం

నాటు తుపాకులతో అడవిపందుల్ని వేటాడేవాళ్ళు గురి తప్పి శివన్న పిక్కలో మూడు గుండ్లు దింపిపోయినప్పటి నుంచి, అతని భార్య రామాంజినమ్మది ఒకటే పట్టు: తమ ఊరు మంగళవాడకూ పోలీసు బీటు రావాలి.

బీటు పక్క ఊరు క్యాతగానచెర్లుకు మాత్రమే ఉంది. అక్కడ స్తంభానికి కట్టిన రేకు పెట్టెలో ఒక పుస్తకం. పోలీసు హనుమంతరాయ రోజూ సాయంత్రం వచ్చి అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలకు తుపాకులు భయపడుతున్నాయో లేదో తేల్చడానికి బెంగళూరు నుంచి గోపికృష్ణ అనే మేధావి ల్యాప్‌టాప్‌తో దిగాడు.

"చూడండమ్మా, అక్కడ నెలకు రెండే తుపాకి పేలుళ్ళు. మీ ఊళ్ళో ఇరవై."

"ఆడ చేన్లన్నీ సోలార్ పలకల కిందికి పాయె. శెనక్కాయ లేనిచోటికి పంది యాల వస్తాది సార్? అవి ఈడికొచ్చె, వాటెంట తుపాకులొచ్చె. బీటు ఈడ పెట్టండి."

గోపికృష్ణ జాలిగా నవ్వాడు. "మీది పోలిక కోసం పెట్టుకున్న ఊరమ్మా. బీటు లేకపోతే ఎట్లుంటుందో మిమ్మల్ని చూసే కదా తెలిసేది! ఇప్పుడు బీటు పెడితే పరిశోధన చెడిపోతుంది."

"అయితే మా ఆయప్ప రెండో కాలు గూడా కావల్లనా మీకు?"

దానికి ల్యాప్‌టాప్‌లో గడి లేదు.

మరునాడు రామాంజినమ్మ బస్సెక్కి క్యాతగానచెర్లు పోయి, పెట్టెకున్న కట్టుతీగ విప్పి, పెట్టెను గంపలో పెట్టుకొచ్చి తన చేని కంచెకు కట్టింది. సాయంత్రం హనుమంతరాయ ఖాళీ స్తంభం చుట్టూ మూడుసార్లు తిరిగి, వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, ఆదరాబాదరాగా చేనికొచ్చాడు.

"ఏందక్కా, నా ఉద్యోగం తీపిస్తావా?"

"యాడికీ పోలేదులేప్పా, ఈడ్నే ఉండాది. సంతకం పెట్టి మజ్జిగ తాగు."

పుస్తకం పోయిందని పైకి చెబితే విచారణ. ఇక్కడ సంతకం పెడితే మజ్జిగ. పైగా మంగళవాడ అతని ఇంటిదారిలోనే ఉంది. హనుమంతరాయ రోజూ రాసాగాడు. ఖాకీ కనబడేసరికి వేటగాళ్ళు ఇటు తొంగిచూడటం మానేశారు. శివన్న నిశ్చింతగా చేనికి కాపలా పడుకున్నాడు.

మూడు నెలలకు గోపికృష్ణ నివేదిక వచ్చింది. బీటు ఉన్న క్యాతగానచెర్లులో పేలుళ్ళు రెండు దగ్గరే ఆగాయి. బీటు లేని మంగళవాడలో ఇరవై నుంచి ఒకటికి పడిపోయాయి. కాబట్టి బీటు వల్ల లాభం లేదు, ఎత్తేయాలి.

"ఎత్తేసినారక్కా. పుస్తకం ఇచ్చెయ్," అన్నాడు హనుమంతరాయ, ఆఖరి మజ్జిగ తాగుతూ.

"తీసుకపోప్పా. నీ పాత ఖాకీ చొక్కా ఒకటుంటే ఇచ్చి పో."

ఇప్పుడు చేన్లో బెదురుబొమ్మ ఖాకీ తొడుక్కుని డ్యూటీ చేస్తోంది. శివన్న మాత్రం తన మంచాన్ని దాని వెనక్కి జరుపుకున్నాడు.