కిటికీ పక్క కొక్కెం

"ఆకులు తుడిచినావా?" ఆఫీసు నుంచి వస్తూనే మా ఆయన అడిగే మొదటి మాట ఇది. బిడ్డ జ్వరం తగ్గిందా అని కాదు.

వాళ్ల ఆఫీసరు ఎండలకు ఊటీ పోతూ, బంగళాలో పెంచుకునే చెట్టును మా ఇంట్లో దింపించాడు. పెద్ద కొయ్యతొట్టి, నా అంత ఎత్తు చెట్టు, అరటాకుల్లాంటి ఆకులు, వాటి మధ్య ముక్కు చాచిన పక్షిలా నారింజ రంగు పువ్వు. దానికి ఎండ తగలకూడదట, వడగాలి తగలకూడదట, వెలుతురు మాత్రం కావాలట. మా ఇంట్లో అట్లాంటి చోటు ఒక్కటే, వెనక పంచ వైపు కిటికీ. అక్కడి దూలం కొక్కేనికి నా కూతురు వరమ్మ ఉయ్యాల ఉండేది. ఆయన దాన్ని విప్పి వంటింట్లో పొయ్యి పక్కన కట్టాడు.

"బిడ్డ ఉడికిపోతుంది" అన్నాను.

"బిడ్డ యాడైనా పెరుగుతాది. చెట్టు మాడితే నా ఉద్యోగం మాడుతాది. కర్నూలు రాజధాని అయినాంక గుమాస్తాలకు కరువా?"

తుంగభద్ర ఇసుకలో చెలమ తోడి బిందెలు మోసేది నేను. తొలి చెంబు చెట్టుకు. తరవాత వంటకు, ఆయన స్నానానికి. అడుగు మడ్డినీళ్లు బిడ్డ గుడ్డలకు. ఆకులు తుడిచే తడిగుడ్డ బిడ్డ నుదుటి మీద వేయబోతే, "ఏమ్మే గంగా, అది చెట్టు గుడ్డ" అంది మా అత్త తిమ్మమ్మ. పువ్వు మీద ఊరి కన్ను పడుతుందని ఆకుకు కాటుక బొట్టు పెట్టింది. వరమ్మకూ పెట్టమంటే, "ఆడపిల్లకు దిష్టేందిలే" అంది. ఒళ్లంతా చెమటకాయలు లేచి, పొగకు దగ్గి దగ్గి అలిసిపోయి బిడ్డ కళ్లు మూస్తే, ఊపిరి ఆడుతోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ రొట్టెలు తట్టాను. చెట్టుకు గాలీ వెలుతురూ కావాలని ఎనిమిదో తరగతి మాన్పించకముందే చదివాను. బిడ్డకు కూడా కావాలంటే ఆయన నవ్వాడు. "అబ్బో, పంతులమ్మ మాట్లాడతాండాదే!"

అత్త మొదటి రోజే ఒక మాట చెప్పి పెట్టింది. "దూరమైతే ముందే చెప్పు. ముట్టుదాని చెయ్యి తగిలితే పూలచెట్టు బతకదు. మైలపడిన చెట్టు ఇంట్లో ఉంటే ఇంటికే చేటు."

ఈ పొద్దు బిడ్డ పాలు తాగలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. తొట్టి కాస్త జరపమని అడిగాను. "దాని జోలికి పోవద్దు" అన్నాడు ఆయన, గడ్డం గీసుకుంటూ, ఇటు తిరగకుండానే.

నేను చెట్టు దగ్గరికి పోయాను. ప్రతి ఆకూ తుడిచాను. పువ్వును పిడికిట పట్టుకుని పిలిచాను.

"అత్తా, నేను దూరముండాను. తెల్లారినప్పటి నుంచి."

"పాలిచ్చేదానివి, అప్పుడే అయినావా?"

"అయినాను."

"చెట్టు ముట్టుకున్యావా?"

"ఆకాకూ ముట్టుకున్యాను."

"అయ్యో, నా ఇల్లు మైలైపాయెనే! ఒరేయ్, దాన్ని బయటికి ఈడ్చురా!"

"ఆఫీసరుకు ఏం చెప్పాలమ్మా?"

"నా పెండ్లాం ముట్టయిందని చెప్పుపో!"

సగం గీసిన గడ్డంతో ఆయన తొట్టిని పంచలోకి ఈడ్చాడు. ఆ చెట్టు కోసం ఆయనకు చెమట పట్టడం అదే మొదలు. నేను వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. బిడ్డ ఏడిస్తే పంచలో ఉన్న నాకు వినపడాలి. అందుకని అత్తే ఉయ్యాల తెచ్చి కిటికీ పక్క కొక్కేనికి కట్టింది.

"మరి నీళ్లెవరు తెస్తారు?" అన్నాడు ఆయన.

"నేను బిందె ముట్టగూడదు కదా."

ఖాళీ బిందె భుజాన పెట్టుకుని ఏటి దోవ పట్టాడు. పంచలో ఒక మూల నేను, ఒక మూల చెట్టు. కిటికీలోంచి ఉయ్యాల కిర్రుమంటోంది. గాలి తగిలి బిడ్డ దగ్గకుండా నిద్రపోతోంది.

నిజానికి నేనేమీ దూరం కాలేదు. నాలుగో రోజు తలకు పోసుకుని నేను లోపలికి పోతాను. చెట్టు రాదు. తొట్టి మళ్లీ ఆ గడప దాటబోయిన రోజు, నేను మళ్లీ దూరమవుతాను.